లేడి చదివితే

తెల్లవారి గంట కొట్టగానే హాస్టలు పిల్లలంతా కళ్ళు నులుముకుంటూ కుళాయిల దగ్గర వరస కడతారు. నీళ్ళు చల్లగా ఉంటాయి. అరిగిపోయిన సబ్బు చేతిలో నిలవదు. వెనకున్న పిల్ల త్వరగా కానివ్వమని వీపులో పొడుస్తూ ఉంటుంది. అక్కడి నుంచి తడి ఆరని జడలతో ప్రార్థన హాలుకి పరుగు. గంట ఆగేలోపు మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఏళ్ళ తరబడి అలా కూర్చుని ఆ స్కూలు పిల్లలందరికీ మోకాళ్ళు కాయలు కాసిపోయి ఉంటాయి. బజార్లో ఎవరు కనపడినా మోకాళ్ళు చూసి ఏ స్కూలో చెప్పెయ్యచ్చు.

చివరి క్లాసు చదువుతున్న లేడి అందరికంటే వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. స్తంభం ఉంటే కళ్ళు మూసుకున్నప్పుడు కాస్త కునుకు తియ్యచ్చు.

లేడి అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. స్కూల్లో చేరిన మొదటి వారం, దేవుడు ఎక్కడున్నాడో చెప్పమని టీచరు వరసగా అందరినీ అడిగింది. ఒకరు ఆకాశంలో అన్నారు. ఒకరు అంతటా అన్నారు. ఒకరు మనసులో అన్నారు. ఈ పిల్ల వంతు వచ్చేసరికి లేచి నిలబడి, "లేడు" అంది. పొగరుతో కాదు. పక్కింటాయన ఉన్నాడా అని ఎవరైనా అడిగితే చెప్పినట్టే చెప్పింది. మధ్యాహ్నం దాకా గోడవైపు తిప్పి నిలబెట్టారు. సాయంత్రానికల్లా పిల్లలు లేడి అని పేరు పెట్టేశారు. పిలవగా పిలవగా టీచర్లకీ అదే అలవాటైంది.

ఆ లేడి ప్రార్థన చదివితే అడిగింది జరుగుతుంది.

అది మొదట బయటపడింది పంపు ఎండిపోయిన వేసవిలో. రోజూ చదివే వాటిల్లో కోరిక ప్రార్థన అని ఒకటుంది. చిన్నది. చివర్లో ఎవరి కోరిక వాళ్ళు చెప్పుకోవడానికి కాస్త చోటు వదిలి ఉంటుంది. లేడి గొంతు స్పష్టంగా ఉంటుందని ఆ రోజు తనని చదవమన్నారు. తను పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా చదివి, చివర్లో "మా పంపులో నీళ్ళు రావాలి" అంది. పెరట్లో పంపు గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు గరగరమంది. స్కూలు నడిపే పెద్దమ్మగారు లేచి, "బకెట్లు పట్టండి" అన్నారు. అంతే, దాని గురించి ఎవరూ ఇంకేమీ మాట్లాడలేదు.

అప్పటి నుంచి లేడికి తీరిక లేకుండా పోయింది. భోజనాల వేళ కంచం ముందు పెట్టుకుంటే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. ఒకళ్ళకి పోయిన చెవి పోగు దొరకాలి. ఒకళ్ళకి చెల్లెలి జ్వరం తగ్గాలి. వాచ్‌మన్‌కి కొడుకు సైన్యంలోంచి సెలవు మీద రావాలి. లేడి నోట్లో ముద్ద మింగి, పుస్తకం తెరిచి చదువుతుంది. చెవి పోగు దొరుకుతుంది. జ్వరం తగ్గుతుంది. కొడుకు పెట్టె భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు.

"ఇన్ని జరుగుతున్నా నీకు నమ్మకం కలగదా?" అని పక్క మంచం పిల్ల ఒకసారి అడిగింది.

"ఏదో జరుగుతోంది. ఎవరు చేస్తున్నారో నాకెలా తెలుస్తుంది?"

"ఇంకెవరు చేస్తారే?"

"నాకు తెలీదు అంటున్నానుగా. తెలియనిదాన్ని తెలుసని ఎలా అనను?"

వంటామె ఈ మాటలు విని, "నమ్మితే నమ్ము, మానితే మాను. ముందు నా మోకాలి సంగతి చదువు తల్లీ, నిలబడలేకపోతున్నా" అంది. లేడి చదివింది. వంటామె కుంటడం మానేసింది.

చదివినప్పుడు నొప్పేమీ ఉండదు. జ్వరమూ రాదు. కాకపోతే చదివిన ప్రతిసారీ ఒంట్లోంచి కొంచెం నిద్ర ఎవరో తీసుకుపోయినట్టు ఉంటుంది. కొన్నేళ్ళకి అది ఎంత పడుకున్నా తీరని అలసట అయింది. లెక్కల క్లాసులో పెన్ను పట్టుకునే నిద్రపోయేది. టీచర్లు లేపేవాళ్ళు కాదు. లేపితే మళ్ళీ తమ పని అడగడానికి మొహం చెల్లదని.

ఆ స్కూల్లో లేడిని ఎప్పుడూ ఏమీ అడగనిది ప్రార్థనల టీచరు ఒక్కతే. బక్కపల్చటి ముసలావిడ. నలభై ఏళ్ళుగా పిల్లలకి ప్రార్థనలు తప్పుల్లేకుండా చదవడం నేర్పుతోంది. లేడు అన్నందుకు లేడిని గోడవైపు తిప్పి నిలబెట్టింది కూడా ఆవిడే. స్కూల్లో అందరికంటే గట్టిగా నమ్మేదీ ఆవిడే. కానీ ఆవిడ అడిగింది ఒక్కటీ ఏనాడూ జరగలేదని అందరికీ తెలుసు. తమ్ముడు బతకాలని అడిగితే పోయాడు. ఎండ కాయాలని అడిగితే వాన పడేది. పిల్లలు ఆవిడ వినకుండా నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడకి చూపు పోతోంది. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతుంది. పూర్తిగా కనపడకపోతే దూరంగా ఉన్న విశ్రాంతి గృహానికి పంపేస్తారు.

లేడికి మనసాగక ఒకరోజు అడిగింది. "టీచర్, మీ కళ్ళ గురించి చదవనా?"

"వద్దు" అంది ఆవిడ.

"ఒక్క నిమిషం పని."

"నేను అడిగాను. ఆయన ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. నీ ద్వారా దొడ్డిదారిన తెచ్చుకోమంటావా?" అని, "నిన్న 'శరణు' అన్నచోట 'ణ' సరిగ్గా పలకలేదు. మళ్ళీ చదువు" అంది.

లేడి తనవాళ్ళ కోసం చదివింది ఒకే ఒక్కసారి. అదీ అమ్మ అడిగితే. అమ్మ బట్టలు కుడుతుంది. నాన్న మట్టి తవ్వే మిషన్లు నడిపేవాడు. ఒకసారి పనికని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఓ ఆదివారం పిల్లని చూడ్డానికి వచ్చిన అమ్మ, బెంచీ మీద చాలాసేపు కొంగు చివర మెలిపెడుతూ కూర్చుని, "ఊళ్ళో వాళ్ళందరికీ చదువుతున్నావంటగా. మీ నాన్న రావాలని చదవకూడదూ?" అంది. లేడి చదివింది.

వారం తిరక్కుండా నాన్న సంచీతో ఇంటికొచ్చాడు. కారుతున్న పైకప్పు బాగుచేశాడు. కుట్టు మిషనుకి నూనె వేశాడు. పెట్టింది తిన్నాడు. ఎందుకొచ్చావని అమ్మ అడిగితే కాస్త ఆలోచించి, "తెలీదు. రావాలనిపించింది" అన్నాడు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు లేడి చూసింది. నాన్న పొద్దస్తమానం కిటికీ పక్కన కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు. ఇంకెక్కడో దింపాల్సిన సామాను పొరపాటున ఇక్కడ దింపేసినట్టు ఉండేవాడు. అమ్మ మాత్రం, "వచ్చాడుగా, చాల్లే" అనేది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన వైపు చూసేది కాదు.

చివరి ఏడాది పరీక్షలైపోయాక ఆ స్కూల్లో ఒట్టు రోజు ఉంటుంది. చదువు ముగించిన పిల్లలు హాల్లో నిలబడి, "నమ్ముతున్నాను" అని ఒట్టు వెయ్యాలి. ఎక్కువమంది అది చెప్పి సర్టిఫికెట్టు తీసుకుని వెళ్ళిపోతారు. కొద్దిమంది మాత్రం స్కూలు వెనకున్న లోపలి ఇంట్లో చేరి, పెద్దమ్మగారిలా జీవితమంతా అక్కడే ఉండిపోతారు. లేడి సర్వే కోర్సులో చేరాలనుకుంటోంది. పొలాలూ రోడ్లూ కొలుచుకుంటూ, తనని ఎవరూ ఏమీ అడగని చోట్ల తిరగాలని కోరిక.

పెద్దమ్మగారు లేడిని గదికి పిలిపించారు. గదిలో ఒక మూల వాన నీళ్ళు పడ్డానికి బకెట్టు పెట్టి ఉంది. ఆవిడా అలిసిపోయిన మనిషే. స్కూలు పైకప్పూ పంపూ పిల్లల తిండీ అన్నీ ఆవిడ నెత్తి మీదే ఉన్నాయి.

"నువ్వు వెళ్ళిపోతే మేమేం చెయ్యాలి?" అని అడిగారు ఆవిడ, దాపరికం లేకుండా. "లోపలి ఇంట్లో ఉండిపో. నీకు ఏ లోటూ రానివ్వను."

"నాకు నమ్మకం లేదండీ."

"తెలుసు. అబద్ధమాడి లోపలికి రమ్మని నేను అడగను. అది తప్పు. కానీ దీనికింత ఆలోచన దేనికమ్మాయీ? నీకు నమ్మకం కలగాలని నువ్వే ఒకసారి చదువుకో. అయిపోతుంది."

ఆవిడ మాటలో లేడికి తప్పేమీ కనపడలేదు. అది నిజంగానే అయిపోతుంది.

"చదవకపోతే?"

"ఒట్టు వెయ్యని పిల్లకి సర్టిఫికెట్టు ఇచ్చే నియమం లేదు. అది నేను రాసిన నియమం కాదు." ఆవిడ బకెట్టు వైపు చూశారు. "నమ్మితే నీకూ సుఖంగా ఉంటుంది. ఇంత అలసట ఉండదు. నన్ను చూసి కాదనుకోకు. నాది పైకప్పు అలసట."

ఈ సంగతి స్కూలంతా తెలిసింది. అందరికీ సబబుగానే తోచింది. పక్క మంచం పిల్ల, "నొప్పి తెలీకుండా పన్ను తీసినట్టు ఉంటుందేమో" అని ధైర్యం చెప్పింది. ఆ ఆదివారం అమ్మ కూడా వచ్చి అదే మాట అంది.

"నమ్మితే నీకు పోయేదేముందే?"

"నాన్నకి పోయిందే పోతుంది."

అమ్మ ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మూత తీసి, "తిను. చిక్కిపోయావ్" అంది.

ఒట్టు రోజుకి ముందు మధ్యాహ్నం, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా సాధన చేయించమని లేడిని ప్రార్థనల టీచరు దగ్గరికి పంపారు. ఖాళీ క్లాసులో ఇద్దరే కూర్చున్నారు. టీచరు పుస్తకం తెరవలేదు. ఇక తెరిచినా ఆవిడకి ఉపయోగం లేదు. "ఊఁ, చదువు" అంది.

లేడి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

"మర్చిపోయావా?"

"లేదండీ. రేపు ఈ పాటికి నేను ఉండను కదా అని."

టీచరు మొహం గొంతు వినపడిన వైపు తిప్పింది. అప్పుడు లేడి నాన్న సంగతి చెప్పింది. కిటికీ పక్కన కూర్చోవడం, పిలిస్తే పలకడం, రావాలనిపించింది అనడం. చెప్పి, "వద్దని ఎదురు తిరిగే ఓపిక కూడా లేదు టీచర్. రేపు చదివేస్తాను. మీకు ఎలా వచ్చింది నమ్మకం? మీరూ అడిగి తెచ్చుకున్నారా?" అంది.

"లేదు. చిన్నప్పటి నుంచీ ఉంది. ఎలా వచ్చిందో నాకే తెలీదు." ఆవిడ బల్ల మీద గీతలని వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. "నీకు రాకపోవడం కూడా అలాంటిదే కావచ్చు. ఇన్నేళ్ళూ నేనలా అనుకోలేదు. గోడవైపు నిలబెట్టాను."

"పర్లేదు టీచర్. అక్కడ నీడగా ఉండేది."

"వెళ్ళి కాసేపు పడుకో. రేపు చదవమన్నప్పుడు చదువు" అంది టీచరు. లేడి వెళ్ళిపోయాక కూడా ఆవిడ ఆ క్లాసులోనే, బెంచీ పక్కన మోకాళ్ళ మీద చాలాసేపు ఉందని ఊడవడానికి వచ్చిన ఆయా తర్వాత చెప్పింది.

మర్నాడు హాలు నిండిపోయింది. అమ్మలూ నాన్నలూ వెనక నిలబడ్డారు. బయట వాన. లేడిని ముందుకి పిలిచారు. మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంక దేనికీ పాకులాడదలచుకోని మనిషి గొంతుతో కోరిక ప్రార్థన మొత్తం చదివింది. చివర్లో, "నాకు నమ్మకం కలగాలి" అంది. 'శరణు'లో 'ణ' కూడా సరిగ్గానే పలికింది.

పెద్దమ్మగారు కాసేపు చూసి మెల్లగా అడిగారు. "కలిగిందా?"

లేడి కళ్ళు మూసుకుంది. ఊడిన పన్ను చోటు నాలుకతో వెతుక్కున్నట్టు లోపల అంతా వెతుక్కుంది. అంతా ఎక్కడిదక్కడే ఉంది. తను తనలాగే ఉంది.

"లేదండీ" అంది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. మళ్ళీ వెతుక్కుంది. "లేదండీ."

"పోనీ, వాన ఆగాలని చదువు" అన్నారు పెద్దమ్మగారు.

లేడి చదివింది. వాన ఆగలేదు. పైగా కొంచెం పెరిగింది. హాలు మూలల్లో పెట్టిన బకెట్లలో చుక్కలు పడుతున్న చప్పుడు అందరికీ వినపడింది. వెనక వంటామె వంగి మోకాలు పట్టుకుని, "అబ్బా" అని మెల్లగా గోడకి చేరగిలబడింది.

పెద్దమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కోపం లేదు ఆవిడ మొహంలో. పోస్టులో వస్తుందనుకున్నది రాదని తెలిసిన మనిషిలా ఉన్నారు.

"వెళ్ళి వెనక వరసలో నిలబడు. అందరితోపాటు పెదవులు కదిపితే చాలు."

"కదపకపోతే అండీ?"

"ఇక్కడి నుంచి వెనక వరస నాకు కనపడదు" అన్నారు ఆవిడ.

లేడి వెనక వరసలోకి వెళ్ళింది. అందరూ నమ్ముతున్నాను అన్నప్పుడు నోరు మూసుకుని నిలబడింది. సర్టిఫికెట్టు అందరితోపాటే వచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర లేడి పక్కన ఎవరూ కూర్చోలేదు. కొందరు మొహం తిప్పుకున్నారు. ఇంతకుముందు అడగకుండా ఉన్నవాళ్ళు అప్పుడే అడగాల్సిందని బాధపడ్డారు. లేడి కంచంలో ఉన్నది మొత్తం, చల్లారకముందే, తిన్నది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పీట లాక్కుని వంటామె పక్కన కూరగాయలు తరిగింది. వంటామె ముభావంగానే ఉంది. పని అయ్యాక మాత్రం, "తెల్లారి కూడా రా. నిలబడి తరగలేను" అంది.

సాయంత్రం ఆఫీసు గదిలో ఫోను మోగింది. అమ్మ.

"మీ నాన్న పొద్దున వెళ్ళిపోయాడే" అంది. "కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఉలిక్కిపడి లేచినట్టు లేచాడు. ఇల్లంతా కలియజూశాడు. సంచీ సర్దుకున్నాడు."

లేడి కుర్చీ అంచున కూర్చుంది. "అమ్మా, నావల్లే. నేను చదివేది ఇక పనిచెయ్యడం లేదు. మళ్ళీ తీసుకురాలేను."

"విను. ఈసారి చెప్పి వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి నా మొహం చూసి, వెళ్తున్నాను, నిన్ను చాలా ఇబ్బంది పెట్టాను అన్నాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా అలా చూసి మాట్లాడలేదే." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నువ్వేం చేస్తావు. నీ చేతిలో ఏముంది."

చిన్నప్పటి నుంచి లేడితో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఫోను పెట్టేశాక అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడుపులో కొంత నాన్న కోసం. మిగతాది ఎందుకో తనకి తెలియలేదు.

సెలవులిచ్చిన రోజు ప్రార్థనల టీచరుని కూడా పంపేశారు. విశ్రాంతి గృహం లేడి వాళ్ళ ఊరి దారిలోనే ఉంది. బోర్డులు చదివి, ఆవిడని స్టాపులో దింపమని పెద్దమ్మగారు లేడికి అప్పజెప్పారు. బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో ఆవిడని చూసి లేచి ఇద్దరికీ చోటిచ్చారు. ఆవిడ చిన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

ఊరు దాటాక, "నీకొకటి చెప్పాలి" అంది టీచరు. "ఆ మధ్యాహ్నం నువ్వు వెళ్ళాక నేను అడిగాను."

"ఏమని?"

"ఈ పిల్లని వదిలెయ్యమని. నలభై ఏళ్ళలో నేను అడిగినవాటిల్లో ఆయన ఇచ్చింది ఆ ఒక్కటే." ఆవిడ మొహం తేటగా, కొత్తగా దీపం పెట్టిన గదిలా ఉంది. "నవ్వుతావో ఏమో."

లేడి నవ్వలేదు. "నేనిప్పటికీ నమ్మనండీ."

"తెలుసు. నమ్మాలని అడగలేదుగా."

"మీ కళ్ళు అడిగి ఉండాల్సింది టీచర్. ఇచ్చే రోజు అదే అయినప్పుడు."

"ఏ రోజు ఇస్తాడో ముందు తెలుస్తుందా ఏమిటి." ఆవిడ కిటికీ వైపు మొహం పెట్టి గాలి పీల్చింది. "అయినా తెలిసినా అదే అడిగేదాన్ననుకుంటా. నీకేమనిపిస్తోంది?"

"నాకు నిద్రొస్తోంది టీచర్" అంది లేడి.

"మరి పడుకో."

"మీ స్టాపు..."

"ఇంకా దూరముంది. పడుకో."

లేడి తల వాల్చింది. బస్సు కుదుపుకి తల జారి టీచరు భుజం మీదికి వచ్చింది. ఎవరూ దోచుకోని నిద్ర అది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలో పుస్తకం లేదు. వేళ్ళు వదులుగా పడి ఉన్నాయి.

చాలాసేపటికి బస్సు ఆగింది. కండక్టరు విశ్రాంతి గృహం స్టాపని అరిచి, వీళ్ళ దగ్గరికొచ్చి వంగాడు. "అమ్మా, మీరు దిగాల్సింది ఇక్కడేనండి."

"వినపడింది బాబూ" అంది టీచరు, కదలకుండా, గొంతు తగ్గించి. "పోనివ్వు. నాకు ఇంకొంచెం దూరానికి టికెట్టు ఇవ్వు."

"ఎక్కడిదాకా ఇమ్మంటారు?"

"ఈ పిల్ల లేచేదాకా" అంది ఆవిడ.